బైకు డిస్కు బ్రేకు ప్యాడ్లు మార్చే ముందు

బండిని చదునైన నేల మీద మెయిన్ స్టాండ్ వేసి, డిస్కు చల్లారాకే చెయ్యి పెట్టండి.

ప్యాడ్లు కొనేటప్పుడు మోడల్ పేరొక్కటే చాలదు, తయారైన సంవత్సరం కూడా చెప్పాలి. పాత ప్యాడ్ వెంట తీసుకెళ్లి, వెనుక రేకు ఆకారం, పిన్ను రంధ్రాలు కొత్తదానితో ఆనించి చూడండి. ‘కాస్త అరగదీస్తే సరిపోతుంది’ అనే దుకాణంలో అసలు కొనకండి.

బండికి ఉన్న బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీద ఆయిల్ రకం, డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయాలి. దుకాణంలో ఎప్పుడో సీలు తీసిన ఆయిల్ సీసా వద్దు, ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త ప్యాడ్లు పట్టేలా పిస్టన్‌ను (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) వెనక్కి నెట్టినప్పుడు బండి డబ్బాలో ఆయిల్ పొంగవచ్చు. ట్యాంకు మీద చిందితే రంగు ఊడుతుంది, వెంటనే నీళ్లతో కడగండి.

ప్యాడ్ల దుమ్మును నోటితో ఊదకండి. డిస్కుకు గ్రీజు తగలనివ్వకండి.

బిగించాక, కదిలే ముందే, లివరు గట్టిపడేదాకా పదేపదే నొక్కండి. మొదటి నొక్కుకు బ్రేకు పడకపోవచ్చు.