రికార్డు ప్లేయర్ పాఠాలు – 2: ముందు సూది బరువు, తర్వాతే పాట

పోయిన పాఠంలో ఏ మెషీన్ కొనాలో తేల్చుకున్నాం. ఈపాటికి చాలామంది పెట్టె విప్పేసి ఉంటారు, అటక మీంచి తాతగారి ప్లేట్లు కూడా దించేసి ఉంటారు, ఒకటి పెట్టి చూద్దామని చెయ్యి లాగుతూ ఉంటుంది. ఒక్క గంట ఆగండి. ఆ గంటలో చెయ్యాల్సిన పనే ఈ పాఠం. స్పీకర్లు బాగోకపోతే రేపు మార్చుకోవచ్చు, ఆంప్లిఫయర్ మార్చుకోవచ్చు, కానీ బరువు తప్పిన సూది గాడిని గీకేసిందంటే పాటలో పోయిన ముక్క ఇక పోయినట్టే. పైగా మన ఇళ్లలో మిగిలిన తెలుగు ప్లేట్లలో చాలావాటిని మళ్లీ ఎవరూ ప్లేటుగా వెయ్యలేదు, మీ చేతిలో ఉన్నది పాడైతే ఇంకోటి వెతుక్కోవడం చాలా కష్టం.

ముందు సూది చేసే పని కాస్త అర్థం చేసుకుందాం. 12 అంగుళాల ఎల్‌పీకి, అంటే పెద్ద ప్లేటుకి, ఒక్కో వైపు ఉండేది ఒకే ఒక్క గాడి. అంచు దగ్గర మొదలై చుట్టలు చుట్టుకుంటూ మధ్యకి వస్తుంది, విప్పి నేల మీద పరిస్తే దాదాపు అర కిలోమీటరు వస్తుంది. ఆ గాడి గోడల మీదున్న ఒంపులే పాట. స్టీరియో రికార్డులో లోపలి గోడ మీద ఎడమ ఛానెల్, బయటి గోడ మీద కుడి ఛానెల్ ఉంటాయి, వజ్రపు మొన రెండు గోడలకీ ఆనుకుని నడుస్తుంది. మొన ఆనే చోటు కంటికి కనపడనంత చిన్నది కాబట్టి రెండు గ్రాములు కూడా అక్కడ విపరీతమైన ఒత్తిడే. బరువు ఎక్కువైతే గోడ త్వరగా అరుగుతుందని అందరూ ఊహించగలరు. తక్కువైతే మంచిదే కదా అనుకుని చాలామంది తగ్గించేస్తారు, అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే పాట గట్టిగా వచ్చే చోట మొన గోడను పట్టుకోలేక ఎగిరి మళ్లీ పడుతుంది, పడిన ప్రతిసారీ గోడకి దెబ్బే. కంపెనీ ఇచ్చిన కొలతకి కాస్త అటూ ఇటూ ఉండాలి, అంతే. సూది అమరి ఉండే చిన్న డబ్బీనే కార్ట్రిడ్జ్ అంటారు. ఆడియో-టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కి 1.8 గ్రాములు. మీదేదో దాని కాగితంలో రాసి ఉంటుంది, ఆ అంకెను ఒక చీటీ మీద రాసి మెషీన్ పక్కన అంటించుకోండి.

ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ లాంటి ఆటోమేటిక్ మెషీన్ కొన్నవాళ్లకి బరువు ఫ్యాక్టరీలోనే పెట్టి వస్తుంది, తిప్పడానికి ఏమీ ఉండదు, బరువు సంగతి దాటేసి సమతలం, తీగలు చూసుకుంటే చాలు. ఎల్‌పీ120ఎక్స్ లాంటిది, అంటే ఆర్మ్ (సూదిని మోసే పొడవాటి కడ్డీ) వెనక గుండ్రటి బరువు ఉన్నది కొన్నవాళ్లు ప్రతి మాటా చదవండి. సూట్‌కేస్ ప్లేయర్ కొన్నవాళ్లకి సూటిగా చెప్తాను: వాటిలో చాలావాటి సూది ఐదారు గ్రాములు మోపుతుంది, దాన్ని తగ్గించే మార్గం లేదు. పాత సామాన్లలో చవగ్గా దొరికిన ప్లేట్లు వినండి, నాన్నగారి ప్లేట్లు మాత్రం దాని మీద పెట్టొద్దు.

సమతలం నుంచి మొదలుపెడదాం. అపార్టుమెంట్లలో నేల చదునుగా ఉందనుకుంటాం కానీ బాల్కనీ వైపో బాత్రూమ్ వైపో కాస్త వాలు పెట్టి ఉంటారు. తాపీమేస్త్రీలు వాడే స్పిరిట్ లెవెల్, అదే రసమట్టం, చిన్నది మన విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా ఇస్తారు. దాన్ని ప్లాటర్ (ప్లేటు పెట్టే, తిరిగే పళ్లెం) మీద ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా మెషీన్ కాళ్లు తిప్పండి. కాళ్లు తిరగని రకమైతే టేబుల్ కాళ్ల కింద అట్టముక్కలు పెట్టినా ఫరవాలేదు. టేబుల్ బరువైనదై ఉండాలి, స్పీకర్లు అదే టేబుల్ మీద ఉండకూడదు. ఉంటే స్పీకర్ అదురు సూదిలోకి వెళ్లి, అది మళ్లీ స్పీకర్లోంచి వచ్చి, సౌండ్ పెంచేకొద్దీ గుయ్య్ మని ఒక మోత పెరుగుతూ పోతుంది. వన్‌టౌన్ వైపు ఉండేవాళ్లకి పోర్టు నుంచి వచ్చే నల్ల దుమ్ము సంగతి నేను చెప్పక్కర్లేదు. కిటికీ పక్కన పెట్టకండి, వింటున్నంతసేపు తప్ప మూత తియ్యకండి.

ఇప్పుడు బరువు. కార్ట్రిడ్జ్ బిగించే వచ్చిందనుకుని చెప్తున్నాను. మీరే బిగించాల్సి వస్తే వెనక నాలుగు సన్నటి తీగలుంటాయి, తెలుపు ఎడమ, ఎరుపు కుడి, నీలం ఎడమ గ్రౌండ్, ఆకుపచ్చ కుడి గ్రౌండ్. తీగను పట్టుకుని లాగొద్దు, చివరున్న లోహపు తొడుగును చిన్న పట్టకారుతో పట్టుకోండి.

యాంటీ-స్కేట్ చక్రం (అదేం చేస్తుందో కింద చెప్తాను) సున్నాకి తిప్పేయండి. సూది తొడుగు తీసేయండి, కానీ ఇక్కణ్నుంచి జాగ్రత్త, వేలు తగిలితే సూది వంగిపోతుంది. ఆర్మ్ కొక్కెం వదిలి, ఆర్మ్‌ను రెస్ట్ (అది ఆనుకునే ఊత) నుంచి కొంచెం పక్కకి తెచ్చి, లిఫ్ట్ మీట కిందికి దించి, చెయ్యి కింద కాపు పెట్టి మెల్లగా వదలండి. ముందుకి వాలిపోతే వెనకున్న గుండ్రటి బరువును వెనక్కి తిప్పండి, వెనక్కి వాలిపోతే ముందుకి. కాసేపటికి ఆర్మ్ ఎటూ వాలకుండా, ప్లాటర్‌కి సమాంతరంగా, గాల్లో తేలుతున్నట్టు ఆగుతుంది. ఇక్కడ తొందరపడొద్దు, ఎదురుగా కూర్చుని కంటి ఎత్తులో చూడండి, ఫ్యాన్ ఆపేయండి, గాలికి ఆర్మ్ ఊగుతూ ఉంటే అసలు తేలదు. తేలిందని నమ్మకం కుదిరాక ఆర్మ్‌ను రెస్ట్ మీద పెట్టి కొక్కెం వేసేయండి. బరువు ముందు భాగంలో అంకెలున్న సన్నటి చక్రం ఒకటి ఉంటుంది, బరువు కదలకుండా ఆ చక్రాన్ని మాత్రమే తిప్పి సున్నాను గీతకి ఎదురుగా తీసుకురండి. చాలామంది తడబడేది ఇక్కడే, చక్రంతో పాటు బరువు కూడా తిరిగిపోతే మొదటికి వెళ్లి మళ్లీ తేల్చాల్సిందే. సున్నా కుదిరాక రెండూ కలిపి తిప్పుతూ మీ చీటీ మీది అంకె వచ్చేదాకా వెళ్లండి. రెండు గ్రాములైతే 2.

చక్రం మీది అంకె పూర్తిగా నమ్మదగ్గది కాదు, కొన్నిట్లో కాస్త తేడా ఉంటుంది. సూది బరువు తూచే చిన్న డిజిటల్ కాటాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి, ఖరీదైన మ్యాట్లు, కేబుళ్ల కంటే ముందు అదొకటి కొనుక్కోమంటాను. కురుపాం మార్కెట్ బంగారం కొట్లలో కనపడే లాంటి చిన్న కాటా ఇంట్లో ఉంటే అది సరిపోదా అని అనిపించవచ్చు. గ్రాములో వందో వంతు అది చూపిస్తుంది నిజమే, కానీ దాని పళ్లెం రికార్డు కంటే చాలా ఎత్తులో ఉంటుంది, ఆర్మ్ పైకి లేచి ఉన్నప్పుడు తూచిన బరువు, రికార్డు మీద పడే బరువు ఒకటి కావు. సూది కోసం చేసిన కాటాలో పళ్లెం దాదాపు రికార్డు ఎత్తులోనే ఉంటుంది.

ఈ లెక్క తెలిశాక, పాత ఇళ్లలో కనిపించే ఒక అలవాటు గురించి చెప్పకుండా ఉండలేను. మహారాణిపేటలో మాకు తెలిసిన ఒక పెద్దాయన ఇంట్లో పాట ఎగిరిపోతోందని సూది నెత్తిన రూపాయి బిళ్ల పెట్టి వినేవారు, ఎంతో ప్రేమగా దాచుకున్న ప్లేట్లు, ఏ పాటలో చూసినా గర్‌గర్ మనే శబ్దం. 2011లో వచ్చిన రూపాయి బిళ్ల బరువు దాదాపు 3.8 గ్రాములు. రెండు గ్రాములకి సర్దిన సూది మీద అది పెడితే మొత్తం ఆరు గ్రాములకి దగ్గర. పాట ఎగురుతోందంటే గాడిలో మట్టి ఉండొచ్చు, ప్లేటు వంగి ఉండొచ్చు, బరువు తక్కువై ఉండొచ్చు, ఆర్మ్ కీలు బిగుసుకుపోయి ఉండొచ్చు. ఏదో కనుక్కుని సరిచెయ్యాలి, పైన బరువు పెట్టడం వైద్యం కాదు.

యాంటీ-స్కేట్ సంగతి రెండు మాటల్లో. ప్లేటు తిరిగేటప్పుడు రాపిడి వల్ల ఆర్మ్ మధ్యకి లాగబడుతుంది, దాంతో లోపలి గోడకి ఒత్తిడి ఎక్కువ, బయటి గోడకి తక్కువ అవుతుంది. ఆ లాగుడుకి ఎదురు లాగే ఏర్పాటే ఇది. సూది బరువు ఎంత పెట్టారో చక్రాన్ని ఆ అంకె మీదే పెట్టండి, మొదట్లో అంతకుమించి ఆలోచించక్కర్లేదు.

ఇక తీగలు. ఎరుపు కుడి, తెలుపు ఎడమ, ఇది తెలిసిందే. కానీ ఎక్కడ గుచ్చుతున్నారన్నదే అసలు ప్రశ్న. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం, మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు, మీ హోమ్ థియేటర్ వెనకున్న ఆక్స్ సాకెట్‌కి కొన్ని వందల మిల్లీవోల్టులు కావాలి. పైగా రికార్డు కోసేటప్పుడు బాస్ బాగా తగ్గించి, సన్నటి శబ్దాలు పెంచి కోస్తారు, లేకపోతే గాడి మరీ వెడల్పై ఎక్కువ పాటలు పట్టవు. వినేటప్పుడు ఆ లెక్క తిరగెయ్యాలి, 1954 నుంచి దానికి ఆర్ఐఏఏ అనే ప్రమాణం ఉంది. ఈ రెండు పనులూ చేసేదే ఫోనో ప్రీఆంప్. మీ మెషీన్ వెనక ఫోనో, లైన్ అని స్విచ్ ఉంటే ప్రీఆంప్ లోపలే ఉన్నట్టు, ఆక్స్‌లో గుచ్చేటప్పుడు స్విచ్ లైన్ మీద ఉండాలి. ఆంప్లిఫయర్‌కే ఫోనో సాకెట్ ఉంటే అందులో గుచ్చి స్విచ్ ఫోనో మీద పెట్టండి. పాట నూతిలోంచి వస్తున్నట్టు సన్నగా, బాస్ లేకుండా వస్తే మధ్యలో ప్రీఆంప్ లేదని అర్థం. చెవులు పగిలేలా, గొంతులన్నీ చీరుకుపోయి వస్తే రెండు ప్రీఆంప్‌లు పడ్డాయని. మెషీన్ పాడైందని తిరిగి పంపేసే ముందు ఈ స్విచ్ ఒకసారి చూడండి.

పాట వెనక బూమ్ మని ఆగకుండా మోత వస్తుంటే అది కరెంటు 50 హెర్ట్జ్ మోత. మెషీన్ నుంచి విడిగా ఒక సన్నటి గ్రౌండ్ తీగ వస్తే దాన్ని ఆంప్లిఫయర్ మీది గ్రౌండ్ మరకి బిగించండి, ఎక్కువసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే ఆ ఎరుపు, తెలుపు తీగల ప్లగ్గులు చూడండి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి కిటికీ గ్రిల్లు ఎలా తినేస్తుందో చూస్తూనే ఉంటాం, ఆ గాలే ఈ ప్లగ్గుల మీద కూడా పొర కట్టిస్తుంది. అన్నీ ఆపేసి, ప్లగ్గులు పీకి, తిప్పుతూ మళ్లీ గుచ్చితే చాలావరకు శుభ్రపడతాయి. అప్పుడప్పుడూ ఇలా చేస్తూ ఉండటం సముద్రం పక్కనున్న మనకి తప్పదు. అదే సముద్రం వల్ల ఒక మేలు కూడా ఉంది, గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి పొడి ఊళ్లలో వాళ్లని సతాయించే స్టాటిక్ చిటపటలు మనకి తక్కువ.

వేగం సరిచూడటం చాలా తేలిక. ప్లేటు లేబుల్ మీద చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్లో మూడు నిమిషాల టైమర్ పెట్టి, ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టండి. నిమిషానికి 33⅓ చుట్ల వేగమైతే మూడు నిమిషాలకి సరిగ్గా 100 చుట్లు రావాలి. ఇది ముఖ్యంగా ఎవరికంటే, అమెరికాలో ఉన్న అబ్బాయో అల్లుడుగారో అక్కణ్నుంచి పాత టర్న్‌టేబుల్ తెచ్చి ఇచ్చినవాళ్లకి. పాత మెషీన్లలో చాలావాటి మోటారు కరెంటు హెర్ట్జ్‌ని బట్టి తిరుగుతుంది. అక్కడ 60, ఇక్కడ 50. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 230 వోల్టులని 110 చెయ్యొచ్చు గానీ దాంతో హెర్ట్జ్ మారదు. 33⅓ తిరగాల్సింది 28 కూడా తిరగదు, ఘంటసాల గారి గొంతు హార్మోనియం మీద మూడు మెట్లు కిందికి దిగిపోయి, ఎవరో తెలియని మనిషి పాడుతున్నట్టు వినిపిస్తుంది. దానికి 50 హెర్ట్జ్‌కి సరిపడే మోటారు పుల్లీ వెతికి మార్చాలి. డీసీ మోటారున్న కొత్త మెషీన్లకి ఈ బాధ లేదు, అడాప్టర్ మీద 100–240 వోల్టులని ఉంటే చాలు.

7 అంగుళాల చిన్న ప్లేట్లు ఎక్కువగా 45 మీద తిరగాలి, కానీ మన దేశంలో 33 మీద తిరిగే చిన్న ప్లేట్లు కూడా వచ్చాయి, లేబుల్ చదివాకే స్విచ్ నొక్కండి. బరువుగా, చెయ్యి జారితే పెంకులా పగిలిపోయేలా ఉన్నవి 78లు, లక్కతో చేసినవి. వాటి గాడి చాలా వెడల్పు, ఎల్‌పీ సూది అందులో గోడలకి ఆనకుండా అడుగున పడి దొర్లుతుంది, శబ్దమంతా చెత్తగా వస్తుంది, సూదీ పాడవుతుంది. వాటికి వేరే లావుపాటి సూది కావాలి. వీఎం95 వాళ్లకి అదే కార్ట్రిడ్జ్‌లో మార్చుకునే 78 సూది దొరుకుతుంది, కానీ దాని బరువు వేరు, సూది మార్చిన ప్రతిసారీ చక్రం మీది అంకె కూడా మార్చాలి.

ఇంతా అయ్యాక మొదటి ప్లేటు పెట్టండి, పోయినా బాధపడనిదే పెట్టండి. మొదటి పాట కాదు, ఆ వైపు చివరి పాట వినండి. మధ్యకి వచ్చేకొద్దీ చుట్టు చిన్నదై గాడిలోని ఒంపులు ఇరుకిరుగ్గా దగ్గరపడతాయి కాబట్టి సర్దుబాటులో లోపం ఉంటే ముందు అక్కడే బయటపడుతుంది. స, శ అక్షరాలు ఉస్సుమని చీలిపోతుంటే సూదికి అంటుకున్న దుమ్ము చూడండి, బరువు మళ్లీ తూచండి, కార్ట్రిడ్జ్ వంకరగా బిగిసిందేమో పైనుంచి చూడండి. ఒక్క చెవిలోనే చీలుతుంటే యాంటీ-స్కేట్ కొంచెం కదిపి చూడండి.

వచ్చే పాఠం ప్లేట్లు కడగడం మీద, బూజు పట్టిన కవర్ల మీద. అది వచ్చేదాకా 78లకి శానిటైజర్, స్పిరిట్ లాంటివి ఏవీ రాయొద్దు, ఆల్కహాల్ తగిలితే లక్క కరుగుతుంది. ఎల్‌పీలనైతే ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా, ఎండ తగలని గోడ పక్కన నిలబెట్టి ఉంచండి.