పాత ఉత్తరాలు చదవడం నేర్చుకుందాం – 4: 'విలాయత్' దగ్గర కాసేపు

గత పాఠంలో 1913 జూన్‌లో పారిస్‌లో జరిగిన అరబ్ మహాసభ తీర్మానాలు చదివాం. స్వతంత్ర దేశం కావాలన్న మాట అందులో ఉందేమో వెతకమన్నాను. లేదు. పాలనలో వాటా, తమ రాష్ట్రాల్లో అరబ్బీకి అధికార హోదా, ముఖ్యంగా అడిగింది ఇవే. ఒట్టోమన్ (అప్పట్లో అరబ్బులను ఏలుతున్న తుర్కీ సామ్రాజ్యం) ఇంట్లోనే ఉంటాం, మా గది మాకివ్వండి అన్నట్టు. తర్వాతి కథ తెలుసు కాబట్టి మనం ముందే తిరుగుబాటు చూసేస్తాం. ఆ అలవాటు మానుకోవాలి. ఆ సభాధ్యక్షుడు అబ్దుల్ హమీద్ అల్ జహ్రావీని 1916 మే 6న డమాస్కస్‌లో ఒట్టోమన్ సైనిక పాలకుడు జమాల్ పాషా ఉరి తీయించాడు. నెల తిరిగేసరికి మక్కాలో ఒట్టోమన్లపై అరబ్బుల తిరుగుబాటు మొదలైంది.

ఈసారి ఉత్తరం అంతకు ముందుది. 1915 అక్టోబర్ 24న ఈజిప్టులోని బ్రిటిష్ హైకమిషనర్ మెక్‌మహన్ మక్కా షరీఫ్ (ఆ పవిత్ర నగరపు పాలకుడు) హుస్సేన్‌కు రాశాడు. అరబ్బుల స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తాం అంటూనే ఒక మినహాయింపు పెట్టాడు: ఉత్తరాన సముద్రతీరంలోని మెర్సిన్, అలెగ్జాండ్రెట్టాతో పాటు, డమాస్కస్, హోమ్స్, హమా, అలెప్పో 'జిల్లాలకు' పశ్చిమాన ఉన్న సిరియా భాగాలు ఇందులోకి రావు.

పెన్సిల్ తీయండి. పైనుంచి కిందికి నాలుగు చుక్కలు పెట్టండి: అలెప్పో, హమా, హోమ్స్, డమాస్కస్. ఎడమవైపు సముద్రం గీయండి. మధ్యలో పడేది లెబనాన్, దాని పైన సిరియా తీరం. పాలస్తీనా కూడా ఆ మినహాయింపులో పడుతుందా అన్నదే అసలు గొడవ. ఇప్పుడు పాలస్తీనాలోని జెరూసలేం చుక్క పెట్టండి. డమాస్కస్‌కు బాగా కిందకు దిగిపోయింది కదా? దాన్ని 'పశ్చిమాన' అనాలంటే కాస్త ధైర్యం కావాలి.

చిక్కేమిటంటే, 'జిల్లాలు' అన్నచోట అరబ్బీ ప్రతిలో ఉన్న మాట 'విలాయత్'. మనం 'విలాయతి సరుకు' అంటామే, ఆ మాటే. ఒట్టోమన్ పాలనలో అది ఒక పెద్ద రాష్ట్రం. డమాస్కస్ రాజధానిగా ఉన్న సిరియా విలాయత్ దక్షిణాన అకబా వైపు దాకా సాగేది. ఆ లెక్కన పాలస్తీనా దానికి పశ్చిమానే పడుతుంది. 1922లో బ్రిటిష్ ప్రభుత్వం ఇలాంటి లెక్కే చెప్పి, పాలస్తీనా మా హామీలో లేదంది.

నిలబడుతుందా? ఒక మాటకు చెప్పిన అర్థాన్ని వాక్యంలోని మిగతా పేర్లకూ తగిలించి చూడండి. హోమ్స్, హమా అసలు విలాయత్‌లే కావు, సిరియా విలాయత్‌లోని ఊళ్లు. అలెప్పో విలాయత్ ఏకంగా సముద్రాన్ని తాకుతుంది. దానికి పశ్చిమాన ఉండేవి చేపలే! నా మటుకు నాకు 'ఆ ఊళ్ల చుట్టుపక్కలు' అన్న అర్థమే కుదురుతుంది. చరిత్రకారుల మధ్య వాదన మాత్రం ఇంకా తెగలేదు.

ఇంటిపని: బ్రిటన్ హామీ 'మా మిత్రదేశం ఫ్రాన్స్ ప్రయోజనాలకు భంగం కలగని' ప్రాంతాలకే అన్న అర్థంలో అదే ఉత్తరంలో ఇంకో ముక్క ఉంది. దాని కింద ఎర్ర ఇంకుతో గీత గీసి, హుస్సేన్ స్థానంలో మీరుంటే ఏం జవాబిచ్చేవారో నాలుగు వాక్యాలు రాయండి. 5వ పాఠంలో సైక్స్-పికో మ్యాప్ (బ్రిటన్, ఫ్రాన్స్ ఈ ప్రాంతాలను రహస్యంగా పంచుకున్న ఒప్పందం తాలూకుది) ముందేసుకుని కూర్చుందాం.