పాత కంప్యూటర్ స్థానంలో కొత్తది – 4వ పాఠం: బ్రాండ్ పేరు తర్వాత వచ్చే నంబరు

పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. నచ్చిన ల్యాప్‌టాప్‌లు మూడు ఎంచుకుని, ఒక్కోదాని పూర్తి మోడల్ నంబరు రాసి పంపమన్నాను. వచ్చిన జవాబులు చూడండి. "హెచ్‌పీ, రైజెన్ 5, 16 జీబీ." "డెల్ ఐ5, సిల్వర్ కలర్." "లెనోవో స్లిమ్ 3, నలభై రెండు వేలు చెప్తున్నాడు, తీసుకోవచ్చా సార్?" ఒకరైతే షాపులో బల్ల మీదున్న ల్యాప్‌టాప్‌ని ఫోటో తీసి పంపారు. అందులో ధర చీటీ తప్ప ఇంకేమీ కనబడదు.

వీటిలో ఒక్కటీ మోడల్ నంబరు కాదు. గుంటూరులో ఉంటాడు, పేరు శ్రీను, పోయి పట్టుకురా అన్నట్టుంది. అందుకే స్క్రీన్, కీబోర్డుల పాఠాన్ని వచ్చే వారానికి జరిపి, ఈసారి నంబరు దగ్గరే కూర్చుందాం. దానికన్నా ముందు, దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఉన్న ఆ ఒక్క ప్రశ్న తేల్చేస్తాను.

"ఇంతకీ ఏ బ్రాండ్ మంచిది?"

డెల్, హెచ్‌పీ, లెనోవో, ఏసుస్, ఏసర్. మన ఊళ్లలో సర్వీసు దొరికే విండోస్ ల్యాప్‌టాప్‌లంటే ప్రధానంగా ఈ ఐదే. వీటిలో మంచి బ్రాండ్, చెడ్డ బ్రాండ్ అని లేవు. ప్రతిదాంట్లోనూ పదేళ్లు నడిచేవీ ఉన్నాయి, రెండేళ్లకే మూలపడేవీ ఉన్నాయి. మీ బావగారి డెల్ పదేళ్లు నడిచిందంటే ఆ మోడల్ మంచిదని అర్థం. ఈరోజు షాపులో ఉన్న డెల్ గురించి అది ఏమీ చెప్పదు.

పేరు వీళ్లదే అయినా, లోపల సరుకు చాలావరకు ఒకే చోటి నుంచి వస్తుంది. క్వాంటా, కంపాల్, విస్ట్రాన్ లాంటి తైవాన్ కంపెనీలు వేర్వేరు బ్రాండ్లకు ల్యాప్‌టాప్‌లు తయారుచేసి ఇస్తాయి. 2006లో బ్యాటరీలు వేడెక్కి అంటుకుంటున్నాయని డెల్ 41 లక్షల బ్యాటరీలు వెనక్కి పిలిచింది. కొద్ది రోజులకే ఆపిల్ 18 లక్షలు, ఆ తర్వాత లెనోవో కూడా పిలిచాయి. బ్రాండ్లు మూడు, లోపలి సెల్స్ మాత్రం అన్నీ సోనీవే. ఖరీదైన బ్రాండ్‌కీ చెడ్డ కాలం వస్తుంది. 2015 నుంచి 2019 వరకు మాక్‌బుక్‌లలో వచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డు దుమ్ము రేణువు పడినా మొరాయించేది. చివరికి ఆపిల్ 2018లో వాటిని ఉచితంగా బాగుచేసే పథకం పెట్టింది. అలాగని ఇప్పటి మాక్‌బుక్‌ని వద్దంటామా? అనం కదా.

సోనీ 2014లో వయో ల్యాప్‌టాప్‌ల వ్యాపారాన్ని అమ్మేసింది. తోషిబా 2020కల్లా ల్యాప్‌టాప్‌ల నుంచి పూర్తిగా తప్పుకుంది. ఒకప్పుడు ఈ రెండూ "కళ్లు మూసుకుని కొనొచ్చు" అనిపించుకున్న పేర్లే.

కాబట్టి బ్రాండ్ అడక్కండి, కుటుంబం అడగండి. ప్రతి బ్రాండూ ఇళ్లకు ఒక రకం, ఆఫీసులకు ఒక రకం అమ్ముతుంది. లెనోవోలో ఐడియాప్యాడ్ ఇళ్లకు, థింక్‌ప్యాడ్ ఆఫీసులకు. హెచ్‌పీలో పెవిలియన్ ఇళ్లకు, ఎలైట్‌బుక్ ఆఫీసులకు. డెల్‌లో ఇన్‌స్పైరాన్, లాటిట్యూడ్ అని ఉండేవి. 2025 జనవరిలో పేర్లు మార్చి లాటిట్యూడ్ స్థానంలో డెల్ ప్రో తెచ్చారు. హెచ్‌పీ కూడా 2024 నుంచి ఇళ్లకు అమ్మేవాటికి ఆమ్నీబుక్ అని పేరు పెడుతోంది. ఆఫీసు రకంలో మూత తిరిగే కీళ్లు (హింజ్‌లు) గట్టిగా ఉంటాయి, విడిభాగాలు చాలా ఏళ్లు దొరుకుతాయి. అదే స్పీడుకి ధర ఎక్కువ, చూడ్డానికి నల్లగా మొద్దుగా ఉంటాయి. నాకు ఆ మొద్దు రకమే ఇష్టం, ముందే చెప్పేస్తున్నా. నా సలహాల్లో ఆ పక్షపాతం ఉంటుంది, మీరు కొంచెం తగ్గించి చదువుకోండి.

ఇక నంబరు

మోడల్ నంబరుకన్నా ముందు ప్రాసెసర్ నంబరు చూద్దాం. ప్రాసెసర్ అంటే ల్యాప్‌టాప్‌ని నడిపే చిప్పు. రైజెన్ ఏఎండీ కంపెనీది, కోర్ ఇంటెల్‌ది. నాకు చిరాకు తెప్పించే సంగతి ఇది. "రైజెన్ 5 7000 సిరీస్" అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. షాపబ్బాయి కూడా అంతవరకే చదువుతాడు. ఆ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు కాలాల చిప్పులు అమ్ముతున్నారు.

రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ, రైజెన్ 5 7540యూ. నాలుగు అంకెల్లో మొదటిది ఏ ఏడాది సరుకుగా అమ్ముతున్నారో చెబుతుంది. 7 అంటే 2023, 8 అంటే 2024. రెండోది స్థాయి. మూడోదే అసలు అంకె, లోపల ఏ తరం డిజైన్ ఉందో చెప్పేది అదే. 7520లో 2 ఉంది, అంటే జెన్ 2 (జెన్ అనేది ఏఎండీ తన డిజైన్‌కి పెట్టుకున్న పేరు). అది 2019లో వచ్చిన డిజైన్. 7530లో 3, అంటే 2020 నాటి జెన్ 3. 7540లో 4, అంటే 2022 నాటి జెన్ 4. మొదటిదానికి నాలుగు కోర్లు (చిప్పులో పని చేసే భాగాలు), మిగతా రెండింటికి ఆరేసి. అంటే 2023లో కొత్తదని కొన్నా, చేతికొచ్చింది 2019 నాటి ఆలోచన కావచ్చు. ఇది దాచిన రహస్యమేం కాదు. ఈ అంకెల అర్థం తయారుచేసిన ఏఎండీయే బయటపెట్టింది. పెట్టె మీద చదివేవాళ్లు లేరు, అంతే.

ఇంకొన్ని చూడండి. రైజెన్ 3 7320యూ జెన్ 2, రైజెన్ 3 7330యూ జెన్ 3. రైజెన్ 7 7730యూ జెన్ 3, రైజెన్ 5 7640యూ జెన్ 4. అంటే ఇక్కడ "7" కన్నా "5" లోపల కొత్తది. 8540యూ కూడా జెన్ 4యే. పాత 5000 సిరీస్‌కి ఈ మూడో అంకె లెక్క పనిచేయదు. అక్కడ 5500యూ జెన్ 2, 5600యూ జెన్ 3, దాన్ని బట్టీ పట్టాల్సిందే. ఇప్పుడొస్తున్న మూడంకెల పేర్లకూ ఈ లెక్క వర్తించదు.

నా పద్ధతి: మూడో అంకె 2 అయితే పక్కన పెట్టేస్తాను. 3 అయితే ధర బాగా తగ్గితేనే. 4 అయితే ఇక ఆ విషయం ఆలోచించను.

ఇంటెల్ వాళ్లు కూడా తక్కువేం తినలేదు. "కోర్ 5 120యూ", "కోర్ అల్ట్రా 5 125యూ" అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. అల్ట్రా అన్న మాట లేని 120యూ పాత 13వ తరం చిప్పుకే కొత్త చొక్కా తొడిగినది. ఇంటెల్ గురించి ఈపాటికి ఇది చాలు.

ఇప్పుడు ఆ "స్లిమ్ 3" సంగతి. ఐడియాప్యాడ్ స్లిమ్ 3 అన్న పేరుతోనే 15ఏఎమ్ఎన్8 ఉంది, 15ఏబీఆర్8 ఉంది, 15ఐఆర్‌యూ8 ఉంది. ముందున్న 15 స్క్రీన్ సైజు. తర్వాతి ఏ అంటే ఏఎండీ, ఐ అంటే ఇంటెల్. ఎమ్ఎన్ అంటే మెండొసినో, పైన చెప్పిన 7520 రకం చిప్పు. బీఆర్ అంటే బార్సెలో‑ఆర్, 7530 రకం. షాపులో మూడూ పక్కపక్కనే పెడితే నేనైనా తేడా పట్టలేను. పట్టించేది అడుగున అంటించిన చీటీయే.

మెండొసినో రకానికి ఇంకో మెలిక ఉంది. అది ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్‌తోనే నడుస్తుంది. ఆ ర్యామ్‌ని మదర్‌బోర్డుకే అతికించేస్తారు. "ప్రస్తుతానికి 8 జీబీ తీసుకుంటా, దసరా బోనస్ వచ్చాక 16 చేసుకుంటా" అని రాసినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఆ రకంలో ఎంత బోనస్ వచ్చినా కుదరదు.

నా దొడ్డిదారి

నమ్మకమైన ల్యాప్‌టాపో కాదో తెలుసుకోవడానికి నేను రివ్యూలు చూడను, సర్వీసు మాన్యువల్ చూస్తాను. డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ మెకానిక్‌ల కోసం రాసిన పుస్తకాల్ని తమ సైట్లలో ఉచితంగానే పెడతాయి. మోడల్ నంబరు కొట్టి పీడీఎఫ్ దించుకుని, కీబోర్డు మార్చే పేజీకి వెళ్తాను.

కీబోర్డే ఎందుకంటే, మన ఇళ్లలో ముందు పోయేది అదే. టీ ఒలుకుతుంది, పిల్లలు కీలు పీకుతారు. కొన్ని మోడళ్లలో రెండు స్క్రూలు విప్పితే కీబోర్డు ఒక్కటే చేతిలోకి వస్తుంది. చాలా చవక మోడళ్లలో మాత్రం కీబోర్డుని పై మూతకి ప్లాస్టిక్ రివెట్లతో కరిగించి అతికిస్తారు. బ్యాటరీ, మదర్‌బోర్డు, ఫ్యాను అన్నీ విప్పాక, పై మూత మొత్తం కొత్తది వేయాలి. మాన్యువల్‌లో కీబోర్డుకి వేరే అధ్యాయం లేకుండా "టాప్ కవర్ విత్ కీబోర్డ్" అనే భాగం ఉంటే అది ఈ రకమే. ఆ ఒక్క పేజీ చూస్తే, కంపెనీ దాన్ని ఎన్నేళ్లు వాడతారని అనుకుందో అర్థమైపోతుంది.

షాపులో ఇంకో పని. మూతని మధ్యలో కాకుండా ఒక మూల పట్టుకుని తెరవండి. మూత తిరిగే కీలు (హింజ్) దగ్గర ప్లాస్టిక్ పైకి లేస్తే దాన్ని అక్కడే వదిలేయండి. షాపతను ముఖం అదోలా పెడతాడు, పెట్టనివ్వండి.

వారంటీ, సర్వీసు

ఆన్‌సైట్ అంటే మనిషి ఇంటికొస్తాడు. క్యారీ‑ఇన్ అంటే మీరే మోసుకెళ్లాలి. ఒకే బ్రాండ్‌లో కూడా మోడల్‌ని బట్టి ఇది మారుతుంది, కాబట్టి బిల్లు వేయకముందే అడగండి. కొన్న రోజే సీరియల్ నంబరు బ్రాండ్ సైట్‌లో కొట్టి చూడండి. వారంటీ మీ బిల్లు తేదీకన్నా ముందే మొదలైనట్టు కనిపిస్తే బిల్లు పంపి సరిచేయించుకోండి. అమెరికాలో ఉన్న తమ్ముడు తెస్తానన్నా సరే, ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో, ఆ మోడల్ ఇక్కడ అమ్ముతున్నారో లేదో ముందే కనుక్కోండి. ఇక్కడ అమ్మని మోడల్‌కి స్పేర్ పార్టు దొరకడం కష్టం.

సెకండ్ హ్యాండ్ గురించి అడిగినవాళ్లకి

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఆఫీసులు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు దొరుకుతాయి. ముప్పై వేల లోపు బడ్జెట్ అయితే కొత్త చవక మోడల్‌కన్నా నేను వీటినే ఎంచుకుంటాను. థింక్‌ప్యాడ్ టీ480 నాకు మరీ ఇష్టం. ర్యామ్‌కి రెండు స్లాట్లు, వెనక ఊడదీసే బ్యాటరీ, లోపల ఇంకో బ్యాటరీ. వెనకది మార్చేటప్పుడు కూడా ఆగకుండా నడుస్తుంది.

ఇక్కడా నంబరు గొడవ తప్పదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయిందని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరమో ఆ తర్వాతదో కావాలి. ఈ పేర్లలో మొదటి అంకే తరం. ఐ5‑8250యూ, 8350యూ సరే. ఐ5‑7300యూ వద్దు, పై మూత ఎంత మెరుస్తున్నా సరే. ఆన్ చేసి, విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల పేజీ బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే పాత కంపెనీ తాళం ఇంకా ఉందన్నమాట. "అది తర్వాత తీసేస్తాం సార్" అంటారు, తీసి చూపించాకే డబ్బివ్వండి. బ్యాటరీ రిపోర్టు ఎలా తీయాలో రెండో పాఠంలో ఉంది.

ఈ వారం పని

మూడు మోడళ్లు వద్దు, ఒక్కటి చాలు. దాని పూర్తి మోడల్ నంబరు, ప్రాసెసర్ పూర్తి నంబరు రాయండి. సర్వీసు మాన్యువల్ దించుకుని కీబోర్డు పేజీ, ర్యామ్ పేజీ నంబర్లు రాయండి. ర్యామ్ అతికించినదో స్లాట్లో ఉన్నదో మీ మాటల్లో రాయండి. తర్వాత మీ ఊరికి దగ్గర్లోని ఆథరైజ్డ్ సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: ఈ మోడల్ కీబోర్డు ఎంత, ఎన్ని రోజుల్లో వస్తుంది. వాళ్లు చెప్పిన మాటలు చెప్పినట్టే రాయండి, "కనుక్కుని చెప్తాం" అన్నా సరే అదే రాయండి.

ఇంగ్లీషు మాన్యువల్ చూసి టెన్షన్ పడకండి, బొమ్మలే ఎక్కువ ఉంటాయి. ల్యాప్‌టాప్ ధర ఈసారి రాయొద్దు, దాని సంగతి ఆరో పాఠంలో.