కారు చిప్ తాళంచెవి చేయించే ముందు జాగ్రత్తలు

సంక్రాంతికి బెంగళూరు నుంచి కారులో ఊరికి వెళ్లేవారు రెండో తాళంచెవిని ఇప్పుడే చేయించుకోవడం మంచిది.

ఉన్న ఒక్కటీ పోయేదాకా ఆగకండి. పనిచేసే తాళంచెవి ఒక్కటీ లేకపోతే చాలా కార్లకు కొత్తదాన్ని నమోదు చేయడానికి కావలసిన రహస్య పిన్ కోడ్ సంపాదించవలసి వస్తుంది, కొన్నింటిలో తాళంచెవిలోని చిప్‌ను గుర్తిస్తేనే ఇంజన్‌ను స్టార్ట్ కానిచ్చే ఇమ్మొబిలైజర్‌నే మార్చవలసి వస్తుంది కాబట్టి ఖర్చు బాగా పెరుగుతుంది.

ఇంట్లోని తాళంచెవులన్నీ వెంట తీసుకువెళ్లండి. కొత్తదాన్ని నమోదు చేసేటప్పుడు అనేక మోడళ్లలో పాతవన్నీ కారు మెమరీ నుంచి చెరిగిపోతాయి. అప్పుడు అక్కడ లేనిది తలుపు తీస్తుంది గాని ఇంజన్‌ను స్టార్ట్ చేయదు. పోయినదాన్ని పట్టుబట్టి చెరిపించవలసిన సమయం కూడా ఇదే.

కారు బ్యాటరీ బలహీనంగా ఉంటే ముందు ఛార్జ్ చేయించండి. ప్రోగ్రామింగ్ (ఈ నమోదు) మధ్యలో వోల్టేజీ పడిపోతే కారులోని కంప్యూటరు, అంటే కంట్రోల్ యూనిట్ పాడయ్యే ప్రమాదముంది.

కారు విడిభాగాల దుకాణాలుండే బెంగళూరు జేసీ రోడ్డులోనైనా, షోరూములోనైనా, ఆర్‌సీ, గుర్తింపు కార్డు అడగని చోట చేయించవద్దు.

తాళంచెవి పోయినట్లు ఇచ్చిన పోలీసు ఫిర్యాదు రసీదు దాచుకోండి. కారు దొంగతనం జరిగితే బీమా సంస్థ అన్ని తాళంచెవులనూ అడుగుతుంది.

డబ్బు చెల్లించే ముందు, తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే కారైతే, కొత్తదానిలోని రిమోట్ బ్యాటరీ తీసేసి ఇంజన్ స్టార్ట్ చేయండి. సాధారణంగా చిప్‌కు బ్యాటరీ అవసరముండదు కాబట్టి, స్టార్ట్ అయితే చిప్ సరిగా నమోదైనట్లే.