మిక్సర్, రికార్డర్ క్లాక్ కలవక వచ్చిన టిక్కు శబ్దం: నా అనుభవం

డిజిటల్ మిక్సర్ నుంచి ఎడాట్ (డిజిటల్ ధ్వనిని కాంతి రూపంలో పంపే పద్ధతి) ఆప్టికల్ కేబుళ్ల ద్వారా మల్టీట్రాక్ రికార్డరుకు కచేరీని ఎక్కిస్తున్నప్పుడు, మృదంగం మోగుతున్నంతసేపూ వినిపించని సన్నని టిక్కు శబ్దం, రాగాలాపనలో వయొలిన్ దీర్ఘస్వరం పట్టగానే ఇంచుమించు సమానమైన వ్యవధిలో స్పష్టంగా బయటపడేది. కేబుల్ లోపమైతే సాధారణంగా శబ్దం ఇంత క్రమంగా రాదు కనుక అనుమానం క్లాక్ (ధ్వని నమూనాలకు వేగం నిర్ణయించే కాలసంకేతం) మీదికి మళ్లింది. రెండు యంత్రాలూ 48 కిలోహెర్ట్జ్ అనే చూపినా, దేని క్రిస్టల్ (క్లాక్‌ను నడిపే స్ఫటికం) మీద అది నడుస్తున్నప్పుడు వాటి మధ్య మిలియనులో 10 వంతుల తేడా ఉన్నా చాలు, దాదాపు రెండు సెకన్లకొక శాంపిల్ (ధ్వని నమూనా) జారిపోయి టిక్కుమని వినిపిస్తుంది.

మిక్సరును ‘ఇంటర్నల్’లోనే, అంటే దాని సొంత క్లాక్ మీదే ఉంచి, రికార్డరు దాన్ని అనుసరించేలా రికార్డరు క్లాక్ మెనూలో ‘ఎడాట్ ఇన్’ ఎంచుకున్నాను. టిక్కులు పూర్తిగా పోయాయి.

అయితే రికార్డు చేసినదాన్ని మిక్సరులోకి తెచ్చుకుని వినేటప్పుడు, రికార్డరుకు వెళ్లే ఆప్టికల్ కేబుల్ అక్కర్లేదని ఎవరైనా తీసేస్తే లాక్ (రెండు యంత్రాల క్లాక్‌ల పొంతన) పోతుంది, ఎందుకంటే క్లాక్ వచ్చేది ఆ కేబుల్లోనే. అందువల్ల ప్రస్తుతం 75 ఓముల బీఎన్‌సీ (తిప్పి బిగించే కనెక్టర్ ఉన్న) కేబుల్‌తో వర్డ్ క్లాక్‌ను, అంటే ధ్వని లేకుండా క్లాక్ సంకేతాన్ని మాత్రమే, మిక్సర్ నుంచి రికార్డరుకు విడిగా ఇస్తున్నాను. నాకు ఈ పద్ధతే ఎక్కువ నమ్మకంగా తోస్తుంది. వరుసలో చివరి యంత్రం దగ్గర 75 ఓముల టెర్మినేషన్ (లైను చివర ఉండే నిరోధం) తప్పక ఉండాలి, లేకుంటే సంకేతం పరావర్తనం చెంది లాక్ నిలకడగా ఉండకపోవచ్చు. రికార్డరు మెనూలో క్లాక్ మూలాన్ని ‘వర్డ్ క్లాక్’కు మార్చడం కూడా మరవకూడదు.