ఇంట్లోనే మెడికల్ కోడింగ్ – 6వ పాఠం: సి34, ఊపిరితిత్తుల క్యాన్సర్

కర్నూలువాళ్ళకి 'సి' అనగానే సి క్యాంప్ గుర్తొస్తుంది. జబ్బులకి కోడ్‌లు ఇచ్చే ఐసీడీ-10-సీఎం పుస్తకంలో సి అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు మాత్రం క్యాన్సర్లవి. పోయిన పాఠంలో నియోప్లాజం (గడ్డలు, క్యాన్సర్లు) టేబుల్‌లోని ఆరు కాలమ్‌లు చూశాం. ఈసారి సి34 ఒక్కదాని దగ్గరే కూర్చుందాం.

నాలుగో అక్షరం చోటు చెబుతుంది. 0 అంటే మెయిన్ బ్రాంకస్ (ఊపిరితిత్తిలోకి వెళ్ళే ముఖ్య గాలి గొట్టం), 1 పై లోబ్ (లోబ్ అంటే ఊపిరితిత్తిలో ఒక భాగం), 2 మధ్య లోబ్, 3 కింది లోబ్, 8 పక్కపక్క లోబ్‌లకు పాకినది, 9 చోటు రాయనిది. ఐదోది పక్క: 1 కుడి, 2 ఎడమ, 0 రాయలేదు. కుడి పై లోబ్ అయితే సి34.11. మధ్య లోబ్‌కి మాత్రం సి34.2తోనే సరి, ఐదో అంకె ఉండదు. ఎడమ ఊపిరితిత్తికి మధ్య లోబ్ లేదు కాబట్టి పక్క చెప్పే పనే లేదు. రిపోర్ట్‌లో 'లింగ్యులా' అని కనిపిస్తే కంగారు పడొద్దు. అది ఎడమ పై లోబ్‌లో భాగమే, సి34.12 వేయండి.

అందరూ దెబ్బతినేది 'ఫ్రమ్', 'టు' దగ్గర. మన పిల్లలు కర్నూలులో బస్సెక్కి అమీర్‌పేట హాస్టల్లో దిగుతారు. అంతమాత్రాన హైదరాబాదువాళ్ళు అయిపోతారా? క్యాన్సర్ కూడా అంతే, ఎక్కడికి పాకినా పుట్టిన ఊరు మారదు. మెటాస్టాటిక్ అంటే పాకినది. 'మెటాస్టాటిక్ ఫ్రమ్ లంగ్' అంటే పుట్టింది ఊపిరితిత్తిలో, సి34. 'మెటాస్టాటిక్ టు రైట్ లంగ్' అంటే వేరేచోట పుట్టి ఇక్కడికి చేరింది, సి78.01.

ఇప్పుడు ఒక కేసు. 58 ఏళ్ల మనిషి, కుడి పై లోబ్‌లో ఎడినోకార్సినోమా (ఒక రకం క్యాన్సర్), మెదడుకు పాకింది. సిగరెట్ అలవాటు ఉండేది, పదేళ్ల కింద మానేశాడు. ఈరోజు వచ్చింది కీమో కోసమే. చాలామంది సి34.11తో మొదలుపెడతారు. వచ్చిన పని కీమో ఒక్కటే కాబట్టి ముందు కీమో కోడ్ జెడ్51.11, తర్వాత సి34.11, మెదడుకి సి79.31, మానేసిన సిగరెట్‌కి జెడ్87.891. ఈ చివరిది మర్చిపోకండి, సి34 కింద ఉన్న నోట్ పొగాకు కోడ్ కూడా వేయమంటోంది.

నా మొదటి ఉద్యోగంలో జరిగింది ఒకటి చెప్పాలి. ఓపీ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకెళ్ళే పేషెంట్) నోట్‌లో 'ప్రాబబుల్ లంగ్ క్యాన్సర్, రైట్' అని ఉంటే ధైర్యంగా సి34.91 వేసేశాను. ఆడిటర్ వెనక్కి పంపి, "బయాప్సీ నువ్వు చేశావా?" అని అడిగాడు. ఆ రోజంతా టెన్షనే. ఓపీలో అనుమానాన్ని జబ్బుగా రాయకూడదు. స్కాన్‌లో ఒకే చిన్న గడ్డ (నాడ్యూల్) కనిపించిందని రాసి ఉంది, అంటే ఆర్91.1 దగ్గరే ఆగాల్సింది. ఇన్‌పేషెంట్‌కి రూల్ తిరగబడుతుంది: డిశ్చార్జ్ నాటికీ 'ప్రాబబుల్' అనే ఉంటే, ఆసుపత్రి బిల్లుకి జబ్బు ఉన్నట్టే కోడ్ చేస్తాం.

ఈ వారం అభ్యాసం: రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, చికిత్స మొత్తం ముగిసింది, రొమ్ములో ఇప్పుడేమీ లేదు. రెండు ఊపిరితిత్తుల్లోనూ అదే క్యాన్సర్ చేరిందని బయాప్సీ తేల్చింది. మూడు కోడ్‌లు రావాలి. జెడ్85 దగ్గర కాసేపు ఆగి చూడండి. జవాబు 7వ పాఠం మొదట్లో.