పెరటిలో టొమాటిల్లో: నారు నుంచి పచ్చడి వరకు

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలోని మా పెరటిలో, పలుచని పొర బుడగలో పుల్లని పచ్చకాయ కాసే టొమాటిల్లో మొదటిసారి వేసినప్పుడు, మొలిచిన నారులో అన్నిటికంటే బలంగా ఉన్న ఒక్క మొక్కను ఉంచుకుని మిగిలినవి పీకివేశాను. ఆ మొక్క నడుము ఎత్తు పెరిగి రెండు నెలలపాటు విరగబూసింది గాని ఒక్క కాయ కూడా నిలబడలేదు. పూలు తొడిమలతో సహా రాలిపోతుంటే బలం చాలలేదనుకుని ఎరువు వేశాను, తడి చాలలేదనుకుని నీరు పెంచాను. లోపం ఆ రెండింటిలోనూ లేదు. టొమాటిల్లో పువ్వు తన సొంత మొక్క పుప్పొడితో కాయ కట్టదు; విత్తనం నుంచి వేరుగా మొలిచిన మరొక మొక్క పుప్పొడిని తేనెటీగ తెచ్చి అంటించాలి. టమాటా, వంగ, మిరప ఒక్క మొక్కయినా కాస్తాయి కాబట్టి, వాటిని పెంచి అలవాటుపడిన చేతులకు ఈ సంగతి తట్టదు.

అందువల్ల కనీసం రెండు మొక్కలు ఉండాలి. చోటు ఉంటే నాలుగు వేయడం మరీ మంచిది. ఒకే కాయలోని గింజల నుంచి వచ్చిన తోబుట్టువు మొక్కలు కొన్నిసార్లు ఒకదాని పుప్పొడిని మరొకటి అంగీకరించవు, నాలుగు ఉంటే ఆ చిక్కు చాలావరకు తీరిపోతుంది. ఒక మొక్క కొమ్మను విరిచి నాటుకుని రెండు మొక్కలయ్యాయని అనుకోకూడదు. కొమ్మ నుంచి వచ్చిన మొక్క ఆ తల్లి మొక్కే, దాని పుప్పొడి పనికిరాదు.

ఇక ఈ మొక్క మనకు పూర్తిగా కొత్తది కాదు. వానాకాలంలో చేల గట్ల మీద మొలిచి, పలుచని పొర బుడగలో చిన్న కాయ కాసే కుపంటి, అంటే కొందరు బుడ్డబూసర అనే మొక్క, దీనికి దగ్గరి చుట్టం. బజారులో రస్‌భరీ అని అమ్మే తియ్యని పసుపుపచ్చ పండు కూడా ఈ జాతిదే. టొమాటిల్లో పుట్టిల్లు మెక్సికో. అక్కడి ప్రాచీన నహువాట్ల్ భాషలో ఈ రకం కాయలకున్న ‘టొమాట్ల్’ అనే మాట నుంచే స్పానిష్ వారి ‘టొమాటె’ పుట్టి, మన నోటికి టమాటాగా చేరింది. రస్‌భరీకి తీపి ప్రధానం, దీనికి పులుపు ప్రధానం. మన వంటకు పనికివచ్చేది ఆ పులుపే.

మన ప్రాంతంలో అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవలసింది అదను. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడే వానకు ఈ మొక్క వేళ్ళు నానిపోతాయి, పూలలో పుప్పొడి తడిసి ముద్దవుతుంది. అక్టోబరు తుపానులు వేరే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి జిల్లా కొండలలో ఎంత నష్టం చేసిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఏప్రిల్ వచ్చేసరికి ఎండ 35 డిగ్రీలు దాటి పూత రాలడం మొదలవుతుంది. ఈ రెండింటి నడుమ మిగిలేది చలికాలమే కాబట్టి, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు నడుమ వరకు వసారాలో, వాన కొట్టని చోట నారు పోసుకుని, నవంబరు మొదటి వారాలలో పెరటిలో నాటుకోవాలి. అప్పుడు జనవరి నుంచి మార్చి వరకు కాయలు అందుతాయి. కొరాపుట్, జయపురం వైపు ఎత్తు ప్రాంతాలలో వేసవి కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి కాపు మరికొన్నాళ్ళు సాగవచ్చు.

గింజ చాలా చిన్నది. జల్లించిన ఎర్రమట్టి, ఇసుక, మాగిన పేడ ఎరువు సమపాళ్ళలో కలిపి, అర సెంటీమీటరు లోతుకు మించకుండా విత్తి, నీటిని చేత్తో చిలకరించాలి. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. వారం నుంచి పది రోజులలో మొలకలు వస్తాయి. నాలుగైదు వారాలకు నారు జానెడు ఎత్తుకు వస్తుంది. అప్పుడు మొక్కకూ మొక్కకూ రెండున్నర అడుగులు, వరుసకూ వరుసకూ మూడు నాలుగు అడుగులు ఎడం ఇచ్చి, కింది రెండు మూడు ఆకులు తీసివేసి, కాండం సగం వరకు మట్టిలోకి దిగేట్టు నాటాలి. భూమికి ఆనిన కాండం నుంచి కొత్త వేళ్ళు పుట్టి మొక్క గట్టిపడుతుంది. నీరు నిలవకుండా బోదె కట్టి, బోదె మీద నాటడం మన నేలలకు తప్పనిసరి. మేడ మీద పెంచుకునేవారు ఒక్కో మొక్కకు 20 లీటర్ల బకెట్టుకు తగ్గకుండా వాడి, అడుగున రంధ్రాలు చేయాలి.

ఎరువు విషయంలో చేతిని కాస్త బిగించుకోవాలి. నాటేటప్పుడు పాదుకు నాలుగు గుప్పెళ్ళ మాగిన పేడ ఎరువు, పూత మొదలయ్యాక మరో రెండు గుప్పెళ్ళు చాలు. యూరియా వేస్తే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. కొమ్మలు ఎటుపడితే అటు చాచుకుని, కాయల బరువుకు నేల మీద పడిపోతాయి కాబట్టి, నాటిన మూడు వారాలలోపే ఒక్కో మొక్క చుట్టూ మూడు వెదురు కర్రలు పాతి, వాటి చుట్టూ పురికొసను రెండు మూడు వరుసలుగా చుట్టాలి. ఆలస్యం చేస్తే కర్ర పాతేటప్పుడు వేళ్ళు తెగుతాయి, వంగిన కొమ్మలు ఎత్తబోతే విరుగుతాయి.

పువ్వును ఒకసారి దగ్గరగా చూడండి. అయిదు అంచుల పసుపు గిన్నె, దాని గొంతులో అయిదు ముదురు గోధుమ మచ్చలు, నడుమ నీలి ఛాయ ఉన్న పుప్పొడి తిత్తులు కనిపిస్తాయి. ఎండెక్కుతుంటే తేనెటీగలు ఆ మచ్చల మీదుగా లోపలికి దూరుతాయి. ఈ పంట మొత్తం వాటి మీదనే ఆధారపడి ఉంది కాబట్టి, వేపనూనె అయినా సరే ఉదయం పూట చల్లకూడదు. తేనెటీగలు రాని మేడలపై మెత్తని కుంచెతో ఒక మొక్క పువ్వును తాకి, వెంటనే మరో మొక్క పువ్వును తాకితే సరిపోతుంది. పువ్వు నిలిచిందా లేదా అన్నది కొద్ది రోజులలోనే తెలుస్తుంది: రేకులు రాలి, వెనుక ఉన్న రక్షకపత్రాలు కలిసి ఉబ్బి, చిన్న ఆకుపచ్చ కందీలులాగా వేలాడతాయి. మొదట ఆ బుడగ ఖాళీగానే ఉంటుంది. కాయ లోపల మెల్లగా పెరుగుతూ దాన్ని నింపుతుంది.

పురుగులలో మా పెరట్లో ఎక్కువగా బాధించినది అక్షింతల పురుగు. ఆకును జల్లెడలా గీకి వదులుతుంది. ఆకుల అడుగున పసుపు గుడ్ల గుంపులను రోజూ చూసి నలిపివేయడమే దానికి మంచి మందు. తెల్లదోమ, పేనుబంకలకు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీరు కలిపి సాయంత్రం చల్లాలి. వీటికంటే భయపడవలసింది ఎండు తెగులుకు. ఆకులు పచ్చగా ఉండగానే మొక్క ఒక్కరోజులో వాడిపోతే, కాండం ముక్క కోసి గాజు గ్లాసులోని నీటిలో వేలాడదీయండి. కోత నుంచి పాల దారం వంటి తెల్లని జిగురు దిగితే అది బాక్టీరియా తెగులు. మొక్కను వేళ్ళతో తీసి తగలబెట్టి, వంగ, టమాటా, మిరప జాతులను ఆ మడిలో కొన్నేళ్ళపాటు వేయకుండా, చోడి, మొక్కజొన్న వంటివి మార్చి వేసుకోవాలి.

నాటిన 65 నుంచి 75 రోజులకు కోత మొదలవుతుంది. కాయ ఇంకా పచ్చగానే ఉండి, బుడగను పూర్తిగా నింపి, పొర ఎండి కింద చీలడం మొదలుపెట్టినప్పుడు కోయాలి. పసుపు రంగు తిరిగేదాకా ఆగితే పులుపు తగ్గి తీపి వస్తుంది. రాలిన కాయలను ఏరివేయడం మరవకండి, లేకపోతే వచ్చే ఏడు పెరడంతా అవే మొలుస్తాయి. ఆకులు, కాండం, పొర తినకూడదు. పొర నింపని లేత కాయలు కూడా వాడకూడదు. పొరతోనే కాగితపు సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు వారాలు చెడవు.

వండబోయే ముందు పొర ఒలిస్తే కాయ మీద బంకలాంటి జిగురు తగులుతుంది. గోరువెచ్చని నీటిలో రుద్ది కడిగితే పోతుంది. పచ్చడికి పావు కిలో కాయలు, ఆరు పచ్చిమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు నూనె లేకుండా ఇనుప పెనం మీద కాల్చాలి. పచ్చదనం లేత పసుపులోకి తిరిగి, తొక్క మీద నల్లమచ్చలు పడి, లోపల రసం ఉడుకుతున్న చప్పుడు వినబడగానే దించాలి. చిట్లితే రసమంతా పెనం పాలవుతుంది. చల్లారాక ఉప్పు, వేయించిన జీలకర్ర చేర్చి రోట్లో కచ్చాపచ్చాగా నూరి, ఆవాల పోపు పెట్టాలి. చింతపండు అక్కరలేదు. కాయలో పెక్టిన్ ఎక్కువ కాబట్టి, కాసేపటికి పచ్చడి దానంతట అదే చిక్కబడుతుంది. ఒడియా ఇరుగుపొరుగు ఇళ్ళలో టమాటాతో చేసే ఖట్టా అనే తీపి పులుపు పచ్చడి కూడా దీనితో చక్కగా కుదురుతుంది: ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, కలోంజీ కలిసిన పంచఫుటాన్ వేగాక తరిగిన కాయలు, బెల్లం, ఖర్జూరం వేసి మగ్గనివ్వాలి. టమాటాకంటే పులుపు హెచ్చు కాబట్టి బెల్లం కాస్త ఎక్కువే పడుతుంది. కందిపప్పులో వేసేటప్పుడు పప్పు మెత్తగా ఉడికాకనే కాయ వేయండి, ముందే వేస్తే పప్పు బద్దలుగానే మిగిలిపోతుంది.

విత్తనానికి బాగా పండి పసుపు తిరిగిన కాయలను ఒక మొక్క నుంచి కాకుండా ఉన్న అన్ని మొక్కల నుంచీ తీసుకోవాలి. వాటిని నీటిలో చిదిమితే గట్టి గింజలు అడుగుకు చేరతాయి, గుజ్జు, తాలు పైకి తేలతాయి. అడుగు గింజలను గుడ్డ మీద నీడన ఆరబెట్టి, కాగితంలో పొట్లం కట్టి గాజు సీసాలో దాచితే, వచ్చే సెప్టెంబరుకు వేర్వేరు తల్లుల గింజలు కలగలిసి సిద్ధంగా ఉంటాయి.